బడ్జెట్ ఎయిర్‌లైన్ షేరు కొనే ముందు, కొన్నాక ఏం చూడాలి

పోయిన నెల బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి భోజనానికి వచ్చిన మా బాబాయి కొడుకు, విస్తరి ముందు కూర్చోకుండానే ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "అన్నయ్యా, ఈ ఎయిర్‌లైన్ షేరు చూడు, ఎంత చవగ్గా ఉందో. ఫ్లైట్లేమో అన్నీ ఫుల్లు. సంక్రాంతికి విజయవాడ టికెట్ కోసం మనం ఎన్ని తిప్పలు పడ్డాం? కంపెనీకి డబ్బులు రాకుండా ఎలా ఉంటాయి?" అన్నాడు.

సరిగ్గా ఇదే లెక్కతో చాలా ఏళ్ల క్రితం నేనూ ఒక ఎయిర్‌లైన్ షేర్లు కొన్నాను. ఆ ఏడాది వచ్చిన బోనస్ మొత్తం అందులోనే పెట్టాను. ఆ షేర్లు ఇప్పటికీ నా డీమ్యాట్ (షేర్లు దాచుకునే) ఖాతాలో ఉన్నాయి, అమ్ముదామంటే కుదరదు, ట్రేడింగే లేదు. అందుకే వాడికి ఆ రోజు రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. కొంటే మాత్రం దాన్ని నెలనెలా ఎలా గమనించాలో చెబుతాను, ఎందుకంటే ఇది కొని పక్కన పడేసి మర్చిపోయే రకం షేరు కాదు.

ముందు ఒకటి బుర్రలోకి ఎక్కించుకోండి. విమానం నిండడం వేరు, కంపెనీకి మిగలడం వేరు, షేర్‌హోల్డర్‌కి మిగలడం ఇంకా వేరు. చిన్న లెక్క వేద్దాం, అంకెలు అర్థం కావడం కోసం నేను వేసుకున్నవే. బెంగళూరు నుంచి హైదరాబాద్ గాల్లో దాదాపు 500 కిలోమీటర్లు. విమానంలో 180 సీట్లు. అంటే ఒక ట్రిప్పుకి 90,000 సీటు కిలోమీటర్లు. ఒక సీటుని ఒక కిలోమీటరు మోయడానికి కంపెనీకి 4 రూపాయల 60 పైసలు ఖర్చవుతుందనుకుందాం, ట్రిప్పు ఖర్చు 4,14,000. ఇప్పుడు 160 మంది ఎక్కారు, ఒక్కొక్కరి దగ్గర కంపెనీకి చేరేది 2,800 అయితే 4,48,000 వచ్చింది, 34,000 మిగిలింది. అదే 160 మంది, అదే విమానం, కానీ పోటీ వల్ల టికెట్ 2,400కి అమ్మాల్సి వస్తే వచ్చేది 3,84,000, అంటే 30,000 నష్టం. లోపల కూర్చున్న మనకి రెండు రోజులూ ఫుల్ ఫ్లైట్‌లాగే కనిపిస్తుంది. మనిషికి నాలుగు వందల తేడా, అంతే.

ఈ లెక్కలో వచ్చిన మాటలే కంపెనీ రిపోర్టుల్లో ఉంటాయి. మొత్తం సీటు కిలోమీటర్లని ఏఎస్‌కే అంటారు. ఒక్కో సీటు కిలోమీటరుకి వచ్చే ఆదాయం రాస్క్, అయ్యే ఖర్చు కాస్క్. నిండిన సీట్ల శాతం లోడ్ ఫ్యాక్టర్. ఎక్కిన ప్రయాణికుడు కిలోమీటరుకి కట్టిన సగటు ధర యీల్డ్. న్యూస్‌లో హెడ్డింగ్ ఎప్పుడూ లోడ్ ఫ్యాక్టర్ గురించే ఉంటుంది, మనం చూడాల్సింది రాస్క్‌కీ కాస్క్‌కీ మధ్య ఎన్ని పైసలు మిగిలాయన్నది. నిజంగా పైసల్లోనే ఉంటుంది ఆ తేడా.

ఒకటో తారీఖున చూడాల్సింది

విమాన ఇంధనాన్ని ఏటీఎఫ్ అంటారు. ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు దాని ధరను ప్రతి నెల ఒకటో తారీఖున మారుస్తాయి, తెలుగు పేపర్లలో కూడా వస్తుంది. బడ్జెట్ ఎయిర్‌లైన్ ఖర్చులో అన్నిటికంటే పెద్ద ముక్క ఇదే, క్రూడ్ (ముడి చమురు) ధర ఎక్కువగా ఉన్న రోజుల్లో మూడో వంతు పైనే ఇంధనానికి పోతుంది. ఏటీఎఫ్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు, ఒక్కో రాష్ట్రంలో వ్యాట్ ఒక్కో రకం, కాబట్టి బెంగళూరు ధరా చెన్నై ధరా ఒకటి కాదు. మీరు ఒకే ఊరి ధర పట్టుకుని నెలనెలా రాసుకోండి చాలు.

పక్కనే డాలర్ ధర కూడా రాయండి. ఇది చాలామంది వదిలేస్తారు. టికెట్లు మనం రూపాయల్లో కొంటాం, కానీ విమానాల అద్దెలు, ఇంజిన్ మెయింటెనెన్స్, విడిభాగాలు అన్నీ డాలర్లలో కట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన అకౌంటింగ్ నిబంధన వల్ల, రాబోయే ఏళ్లలో కట్టాల్సిన అద్దెల్లో చాలా భాగం ఇప్పుడే అప్పుగా బ్యాలెన్స్ షీట్‌లో కనిపిస్తుంది. రూపాయి పడితే ఆ అప్పు రూపాయల్లో పెరుగుతుంది, పెరిగినదంతా ఆ క్వార్టర్ (మూడు నెలల) నష్టంగా రాయాలి, జేబులోంచి ఇంకా ఒక్క పైసా పోకపోయినా సరే. ఇండిగో 2025 జులై–సెప్టెంబర్ ఫలితాలు తీసి చూడండి. నికర నష్టం సుమారు 2,582 కోట్లు. డాలర్ దెబ్బ పక్కన పెడితే వంద కోట్ల చిల్లర లాభం. నష్టం అన్న హెడ్డింగ్ చూసి అమ్మేసినవాళ్లూ ఉంటారు, డాలర్ వల్లేగా అని తేలిగ్గా తీసుకున్నవాళ్లూ ఉంటారు. నా అభిప్రాయం ఏమిటంటే, ఒక క్వార్టర్‌కి అది కాగితం మీద నష్టమే, కానీ రూపాయి మళ్లీ కోలుకోకపోతే రేపు కట్టే ప్రతి అద్దెలో అది నిజం డబ్బు అవుతుంది. కాబట్టి పూర్తిగా కొట్టిపారేయకండి.

నెల మధ్యలో

విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా దేశీయ విమాన ప్రయాణాల రిపోర్టు ఇస్తుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏ కంపెనీ ఎంతమందిని తీసుకెళ్లింది, మార్కెట్ వాటా, లోడ్ ఫ్యాక్టర్, ఎన్ని ఫ్లైట్లు రద్దయ్యాయి, టైముకి ఎన్ని బయల్దేరాయి, అన్నీ ఉంటాయి. ఒక నెల అంకె చూసి ఏమీ తేల్చలేం, పన్నెండు నెలలు వరసగా రాసుకుంటే అప్పుడు కథ కనిపిస్తుంది. స్పైస్‌జెట్ వాటా 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయిన రోజుల్లో పదిహేను శాతం దగ్గర ఉండేది, 2024 చివరికి వచ్చేసరికి రెండు మూడు శాతానికి వచ్చింది. అది ఒక్క రాత్రిలో జరగలేదు, నెలనెలా ఆ పట్టికలో తగ్గుతూనే వచ్చింది. అందులో ఇంకో సంగతి చూడండి, అప్పుడు కూడా దాని లోడ్ ఫ్యాక్టర్ బాగానే కనిపించేది. విమానాలే తక్కువైనప్పుడు ఉన్న నాలుగూ నిండడంలో వింతేముంది?

సీజన్ గురించి కూడా. ఏప్రిల్–జూన్ వేసవి సెలవులు, అక్టోబర్–డిసెంబర్ పండగలూ పెళ్లిళ్లూ, ఈ రెండూ బాగుంటాయి. జులై–సెప్టెంబర్ వానాకాలం, మామూలుగా డల్‌గానే ఉంటుంది. అందుకని ఒక క్వార్టర్‌ని దాని ముందు క్వార్టర్‌తో పోల్చి సంతోషపడకండి, భయపడకండి. పోయినేడాది అదే క్వార్టర్‌తో పోల్చండి.

క్వార్టర్ ఫలితాలు వచ్చిన రోజు

మామూలు క్వార్టర్ ఫలితాలు 45 రోజుల్లో, ఏడాది ఫలితాలు 60 రోజుల్లో ఇవ్వాలి. స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో పెట్టే పీడీఎఫ్ తెరవండి, యాప్‌లో వచ్చే రెండు లైన్లతో సరిపెట్టుకోకండి. నేనైతే లాభం అంకె చివర్లో చూస్తాను. ముందు ఆడిటర్ రిపోర్టు చదువుతాను. అందులో "గోయింగ్ కన్సర్న్" అనే మాట ఉందేమో వెతకండి. ఈ కంపెనీ ఇలాగే నడుస్తుందా అన్న విషయంలో గట్టి సందేహం ఉందని ఆడిటర్ రాస్తే, అది మొహమాటంగా రాసే భాషే అయినా దాని అర్థం మాత్రం చాలా పెద్దది. నేను కొన్న కంపెనీ రిపోర్టులో ఆ పేరా ఉంది. చదివాను కూడా. అందరికీ ఇలాగే రాస్తారులే అనుకుని ముందుకెళ్లాను. దయచేసి మీరు అలా అనుకోకండి.

తర్వాత చేతిలో ఉన్న నగదు. అప్పులతో, అద్దెల బాకీతో పోలిస్తే అది ఎంత? ఎయిర్‌లైన్‌కి నగదు అంటే ఊపిరి. కోవిడ్ లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో మామూలు ప్రయాణికుల ఫ్లైట్లు ఎగరలేదు, అద్దెలు మాత్రం ఆగలేదు. ఇండిగో కోవిడ్ ఉన్న రెండేళ్లలో ఏడాదికి ఐదారు వేల కోట్లు నష్టపోయి కూడా నిలబడిందంటే చేతిలో ముందే డబ్బు ఉండబట్టే. తర్వాత 2023–24లో 8,000 కోట్లు పైన లాభం తెచ్చింది. చేతిలో డబ్బు లేని కంపెనీ ఆ మంచి రోజులు వచ్చేదాకా ఆగలేదు.

ఆ తర్వాత, ఎన్ని విమానాలు ఉన్నాయని చెబుతున్నారు, అందులో ఎన్ని నిజంగా ఎగురుతున్నాయి? ఇంజిన్ సమస్యతో నేల మీద ఉన్న విమానం కూడా లెక్కలో విమానమే, దాని అద్దె కూడా కట్టాలి. ప్రాట్ అండ్ విట్నీ అనే కంపెనీ చేసిన ఇంజిన్లలో లోపాలు బయటపడ్డాయి, ఇండిగోవి డజన్ల కొద్దీ విమానాలు దాని వల్లే ఆగిపోయాయి. గో ఫస్ట్ అయితే 2023 మే 2న ఆ ఇంజిన్లే కారణమని చెప్పి దివాలా ప్రక్రియకి వెళ్లింది, చివరికి 2025 జనవరిలో లిక్విడేషన్ (ఆస్తులు అమ్మి కంపెనీని మూసేయడం) ఆర్డర్ వచ్చింది. అదే రకం దెబ్బ, ఒకరు తట్టుకున్నారు, ఒకరు పడిపోయారు. గో ఫస్ట్ 2021లో 3,600 కోట్ల ఐపీఓకి (జనానికి మొదటిసారి షేర్లు అమ్మడానికి) కాగితాలు పెట్టింది, అది మార్కెట్‌కి రాలేదు కాబట్టి మనలాంటివాళ్లు బతికిపోయారు.

లాభంలో "ఇతర ఆదాయం" ఎంతో కూడా చూడండి. విమానం అమ్మి మళ్లీ అద్దెకి తీసుకోవడం వల్ల వచ్చినదో, పాత క్లెయిమ్ ఏదో సెటిలయి వచ్చినదో అయితే అది వచ్చే ఏడాది మళ్లీ రాదు.

షేరు ధర చవకా కాదా

మా తమ్ముడితో ఎక్కువ వాదన అయింది ఇక్కడే. నలభై రూపాయల షేరు చవక, ఐదు వేల షేరు ఖరీదు అని వాడి నమ్మకం. ఇందులో ఏమాత్రం నిజం లేదు. ధరని షేర్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే మార్కెట్ క్యాప్ చూడాలి, దానికి అప్పు కలపాలి. అంతకంటే ముఖ్యం, షేర్ల సంఖ్య ఏటా ఎంత పెరుగుతోందో చూడాలి. కష్టాల్లో ఉన్న ఎయిర్‌లైన్ డబ్బు కోసం క్యూఐపీ చేస్తుంది, అంటే పెద్ద సంస్థలకి కొత్త షేర్లు అమ్ముతుంది, వారంట్లు (ముందు ముందు షేర్లు తీసుకునే హక్కులు) ఇస్తుంది, బాకీ ఉన్నవాళ్లకి డబ్బుకి బదులు షేర్లు ఇస్తుంది. కంపెనీ బతుకుతుంది, అది మంచిదే, ఉద్యోగులకీ ప్రయాణికులకీ మంచిదే. కానీ మీ వంద షేర్లకి దక్కే వాటా ప్రతిసారీ పలుచనవుతుంది. స్పైస్‌జెట్ 2024 సెప్టెంబర్‌లో 61 రూపాయల 60 పైసల చొప్పున 3,000 కోట్ల క్యూఐపీ చేసింది. పెద్ద పెద్ద సంస్థలే కొన్నాయి కదా అని ఆ వార్త చూసి ఎగబడిన చిన్న ఇన్వెస్టర్లు ఉన్నారు. ఏడాది తిరిగేసరికి షేరు ఆ ధర కంటే బాగా కింద ఉంది.

అలాగని పడిన షేరు లేవదనీ అనను. ఇదే కంపెనీ చెన్నై సన్ గ్రూప్ కళానిధి మారన్ చేతిలో ఉన్నప్పుడు, 2014 డిసెంబర్ 17న ఆయిల్ కంపెనీలు అప్పు మీద ఇంధనం ఇవ్వబోమనేసరికి ఫ్లైట్లు గంటల తరబడి ఆగిపోయాయి. షేరు ఇరవై రూపాయల లోపు. 2015 మొదట్లో పాత ప్రమోటర్ (యజమాని) అజయ్ సింగ్ తిరిగి వచ్చారు, 2017లో షేరు వంద దాటింది. ఆ కథ చెప్పి ఇప్పటికీ చాలామందిని ఊరిస్తుంటారు. వాళ్లు చెప్పని సంగతి, 2014 మధ్య నుంచి 2015 మొదటి దాకా, ఆరేడు నెలల్లోనే క్రూడ్ వంద డాలర్ల పైనుంచి యాభై లోపుకి పడింది. కొత్త యాజమాన్యం పనితనం లేదనను, ఉంది. కానీ అలాంటి అదృష్టం కలిసిరాకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. పడిన షేరు కొంటుంటే ఈసారి దేని వల్ల లేస్తుందో కాగితం మీద రాసుకోండి. రాయలేకపోతే కొనకండి.

మన బెంగళూరులోనే ఇంకో కథ ఉంది. కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఇక్కడి నుంచే ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టారు, మామూలు మనిషి విమానం ఎక్కాలన్నది ఆయన పట్టుదల. మొదటిసారి విమానం ఎక్కిన వాళ్లెంతమందో దాని పేరు ఇప్పటికీ ప్రేమగా చెప్పుకుంటారు. 2006లో ఐపీఓకి వచ్చింది. 2007లో విజయ్ మాల్యా యూబీ గ్రూప్ వాటా కొంది, 2008లో కింగ్‌ఫిషర్‌తో కలిసిపోయింది, ఆ షేరే పేరు మారి కింగ్‌ఫిషర్ షేరు అయింది. 2012 అక్టోబర్‌లో విమానాలు ఆగిపోయాయి. మధ్యలో 2011లో బ్యాంకులు తమ అప్పులో కొంత షేర్లుగా మార్చుకున్నాయి, అదీ మార్కెట్ ధర కంటే ఎక్కువకి. దాన్ని చూసి బ్యాంకులే నమ్మాయంటే ఏదో ఉండే ఉంటుందని ధైర్యం తెచ్చుకున్న చిన్నవాళ్లు చాలామంది. పెద్దవాళ్లు కొన్నారన్నది కారణం కాదు, వాళ్ల లెక్కలు వేరు, వాళ్లకి తట్టుకునే శక్తి వేరు.

ఏ గుర్తులు కనిపిస్తే జాగ్రత్త పడాలి

జీతాలు ఆలస్యం, ఉద్యోగుల పీఎఫ్ గానీ టీడీఎస్ గానీ కట్టలేదన్న వార్తలు అన్నిటికంటే ముందు వస్తాయి. మన బెంగళూరులో ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు, కానీ వాళ్లు చెప్పే లోపలి మాటల మీద ట్రేడ్ చేయకండి, అది తప్పు. బహిరంగంగా వచ్చే వార్తలే చాలు. విమానాలు అద్దెకిచ్చిన కంపెనీలు మా విమానం మాకిచ్చేయండి అని డీజీసీఏకి రిజిస్ట్రేషన్ రద్దు కోసం పెట్టే దరఖాస్తులు, ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్‌లో) దివాలా పిటిషన్లు, ప్రమోటర్ షేర్ల తాకట్టు పెరగడం, ఫలితాలు గడువు దాటడం, సీఎఫ్ఓ (కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్ద అధికారి) హఠాత్తుగా వెళ్లిపోవడం. ఒకటి కనిపిస్తే గమనించండి. మూడు ఒకేసారి కనిపిస్తే, కొన్న ధర గురించి ఆలోచించడం ఆపి బయటికి రండి.

బాగున్న కంపెనీకి కూడా గండాలుంటాయి. 2025 సెప్టెంబర్ చివర్లో ఇండిగో నిఫ్టీ 50లో (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీలో) చేరింది, 2015లో 765కి ఐపీఓ వచ్చిన షేరు ఐదు వేలు దాటింది. డిసెంబర్ మొదటి వారంలో పైలట్ల విశ్రాంతి నిబంధనలకి సరిపడా ఏర్పాట్లు లేక వేల ఫ్లైట్లు రద్దయ్యాయి. కెంపేగౌడ ఎయిర్‌పోర్టులో జనం సామాన్లతో నేల మీద కూర్చున్న ఫోటోలు మనందరం చూశాం. డిసెంబర్ 8 ఒక్కరోజే షేరు ఎనిమిది శాతం పైనే పడింది, తర్వాత ప్రభుత్వం షెడ్యూల్‌లో పది శాతం కోత పెట్టింది. ఆ విశ్రాంతి నిబంధన నవంబర్ 1 నుంచి పూర్తిగా అమల్లోకి వస్తుందన్నది రహస్యమేం కాదు, చాలా ముందే ప్రకటించిందే. అందుకే నా నోట్‌బుక్‌లో ఇప్పుడు "రాబోయే నిబంధనలు" అని ఒక గడి పెట్టాను.

ఎంత పెట్టాలి, ఎప్పుడు అమ్మాలి

మొత్తం పెట్టుబడిలో ఒక్క ఎయిర్‌లైన్‌కి ఐదు శాతం దాటనివ్వను నేను. అప్పు తెచ్చి, మార్జిన్ (బ్రోకర్ ఇచ్చే అప్పు) తీసుకుని అసలు వద్దు. ఈ వ్యాపారంలో ఒక్క వార్తతో లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకి షేరు పడగలిగే చివరి హద్దు) పడుతుంది, అప్పుడు అమ్ముతామన్నా కొనేవాడు ఉండడు.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే డబ్బు పంచే వరసలో షేర్‌హోల్డర్‌ది చిట్టచివరి స్థానం. బ్యాంకులు, ఉద్యోగులు, ప్రభుత్వం, మిగతా బాకీలవాళ్లు అందరూ అయ్యాక ఏమైనా మిగిలితే మనకి, మామూలుగా ఏమీ మిగలదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది, మళ్లీ ఎగురుతుందన్న ఆశతో ఆ తర్వాత కూడా ఏళ్లపాటు జనం ఆ షేరు కొన్నారు. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కి ఆదేశించింది. కంపెనీ పేరు మళ్లీ గాల్లో ఎగిరినా, పాత షేరుకి విలువ వస్తుందన్న హామీ ఎక్కడా ఉండదు. ఈ తేడా దయచేసి మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పండి, ముఖ్యంగా రిటైర్మెంట్ డబ్బుతో ఇలాంటివి కొనేవాళ్లకి.

ఇక నష్టంలో ఉన్నది అమ్మడానికి చెయ్యి రాకపోతే ఒక సంగతి. మామూలుగా షేరు అమ్మితేనే ఆ నష్టం ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో పనికొస్తుంది. రిటర్న్ గడువులోపు వేస్తే ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లి వేరే షేర్ల లాభాల్లో సర్దుకోవచ్చు, అయితే లాంగ్ టర్మ్ నష్టం (ఏడాది దాటి ఉంచుకున్న షేర్లది) లాంగ్ టర్మ్ లాభంలోనే సర్దాలి. ట్రేడింగ్ ఆగిపోయాక మార్కెట్లో అమ్మే దారి ఉండదు కాబట్టి ఆ కాస్త ఊరట కూడా చేతికి అందదు. నేను ఆలస్యం చేసి పోగొట్టుకున్నది ఇదే.

మా తమ్ముడు ఇంకా కొనలేదు. ఆ రోజు వెళ్తూ వెళ్తూ కింద షాపులో వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాడు. ఒకటో తారీఖు ఏటీఎఫ్ ధరా, డాలరూ రాసి ఫోటో పంపాడు. ఏడాది ఫలితాలు మే నెలలో వస్తాయి, ఆ పీడీఎఫ్‌లో ఆడిటర్ పేరా ఇద్దరం కలిసి చదువుదామన్నాడు.